దీవి నక్కలు మళ్ళీ ఎలా పెరిగాయి?



ఈ పాఠంలో కాలిఫోర్నియా పక్కన సముద్రంలో ఉన్న కొన్ని దీవుల గురించి చదువుకుందాం. ఆ దీవుల్లో ఒక బుల్లి నక్క ఉంది. ఒకప్పుడు వేలల్లో ఉండేది. తర్వాత పదుల్లోకి పడిపోయింది. ఇప్పుడు మళ్ళీ వేలల్లో ఉంది. అది ఎందుకు తగ్గిందో, మళ్ళీ ఎలా పెరిగిందో చూద్దాం.

పాఠం కాస్త పెద్దది. ఒక్కరోజులో చదవక్కర్లేదు, రోజుకి రెండు భాగాలు చదివితే చాలు. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని పైకి చదివితే ఇంకా మంచిది.

ముందుగా కొత్త మాటలు

దీవి: చుట్టూ నీళ్ళున్న నేల. దీన్నే ద్వీపం అని కూడా అంటారు. గోదావరి మధ్యలో ఉండే దీవుల్ని లంకలు అంటారు. కోనసీమలో పేరు చివర "లంక" అని వచ్చే ఊళ్ళు చాలా ఉన్నాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ప్రాంతం పేరు దివిసీమ.

జాతి: ఒకే రకం జంతువులు లేదా మొక్కలు.

స్థానిక జాతి: ఒక చోట వేల ఏళ్ళుగా ఉంటూ, అక్కడి గాలికి, నీటికి, తిండికి అలవాటు పడ్డ జాతి.

ఆక్రమణ జాతి: మనుషులు వేరే చోటి నుంచి తెచ్చాక, విపరీతంగా పెరిగి, అక్కడున్న వాటికి హాని చేసే జాతి.

అంతరించిపోవడం: ఒక జాతిలో ఒక్కటి కూడా మిగలకుండా పోవడం.

ఒడ్డు: సముద్రం పక్కన ఉండే నేల. ఈ పాఠంలో ఒడ్డు అంటే కాలిఫోర్నియా వైపు నేల అన్నమాట.

1. పిల్లి కంటే చిన్న నక్క

లాస్ ఏంజిలెస్‌కి, సాంటా బార్బరాకి ఎదురుగా సముద్రంలో ఎనిమిది దీవులున్నాయి. వాటిని చానల్ ఐలాండ్స్ అంటారు. అందులో ఐదు దీవులు కలిపి 1980లో నేషనల్ పార్క్ చేశారు. వాటిలో అన్నిటికంటే పెద్దది సాంటా క్రూజ్ దీవి. చుమాష్ అనే స్థానిక అమెరికన్ ప్రజలు వేల ఏళ్ళు అక్కడ నివసించారు. వాళ్ళ భాషలో ఆ దీవి పేరు లిమూ.

ఎనిమిది దీవుల్లో ఆరింటిలో మాత్రమే ఒక రకం నక్క ఉంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో కనిపించదు. ఇంగ్లీషులో ఐలాండ్ ఫాక్స్ అంటారు, మనం దీవి నక్క అందాం. బరువు సుమారు రెండు కిలోలు. అంటే మీ ఇంట్లో పిల్లి ఉంటే, బహుశా అదే దీనికంటే పెద్దగా ఉంటుంది! వీపు బూడిద రంగు, పక్కలు ఇటుక రంగు. ఎలుకలు, పురుగులు, పండ్లు తింటుంది.

ఒడ్డున ఉండే దీని చుట్టాలు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. ఇదేమో పగలు కూడా హాయిగా తిరుగుతుంది. ఎందుకంటే వేల ఏళ్ళుగా ఆ దీవుల మీద దాన్ని వేటాడే జంతువు ఏదీ లేదు. మన కథల్లో నక్క అంటే జిత్తులమారి కదా! ఈ నక్కకు దాక్కోవడం కూడా పెద్దగా అవసరం లేకపోయింది.

దీవి మీద బతికే జాతులకు ఉన్న కష్టమే ఇది. చుట్టూ నీళ్ళు ఉన్నాయి కాబట్టి శత్రువులు రారు. శత్రువులు రారు కాబట్టి తప్పించుకోవడం అలవాటు ఉండదు. ఏదో ఒక రోజు శత్రువు వస్తే, పారిపోవడానికి వేరే చోటూ ఉండదు.

2. నక్కలు ఎటు పోయాయి?

1990ల్లో పార్కులో పనిచేసే శాస్త్రవేత్తలు నక్కలు గబగబా తగ్గిపోతున్నాయని గమనించారు. ఈ లెక్క చూడండి:

శాన్ మిగెల్ దీవి: 1994లో సుమారు 450, 1999కి 15.

సాంటా రోజా దీవి: 1994లో 1,750కి పైగా, 2000కి 15.

సాంటా క్రూజ్ దీవి: అంతకుముందు సుమారు 1,450. చివరికి 55.

మీ స్కూల్లో 450 మంది పిల్లలు ఉన్నారనుకోండి. ఐదేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే 15 మందే మిగిలారు. అలా అయ్యిందన్నమాట.

నక్కల మెడకు రేడియో కాలర్లు కట్టి వాటిని వెతికితే అసలు సంగతి తెలిసింది. గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్ద వాటిని పట్టుకుని తింటోంది. కానీ ఆ గద్ద ఇంతకు ముందు ఆ దీవుల్లో కాపురం ఉండేది కాదు. మరి ఇప్పుడెందుకు వచ్చింది?

3. ఒకదాని వెంట ఒకటి

ఇది ఎవరో ఒకరు చేసిన ఒక్క పని వల్ల జరగలేదు. నూట యాభై ఏళ్ళుగా ఒకదాని వెంట ఒకటి జరుగుతూ వచ్చింది. నెమ్మదిగా చదవండి.

మొదటిది: 1800ల మధ్యలో పశువుల్ని పెంచేవాళ్ళు సాంటా క్రూజ్ దీవికి గొర్రెల్ని, పందుల్ని తెచ్చారు. కొన్ని పందులు తప్పించుకుని అడవి పందులైపోయాయి. వాటిని తినే జంతువు అక్కడ లేదు. పిల్లలు పెట్టి పెట్టి వేలల్లో పెరిగాయి. నేలనంతా ముట్టెతో తవ్వేశాయి. గొర్రెలు పొదల్ని మేసేశాయి. దాంతో నక్కలకు చాటు కూడా తగ్గింది.

రెండోది: ఆ దీవుల్లో బాల్డ్ ఈగిల్ ఉండేది. అవును, అమెరికా గుర్తు మీద కనిపించే తెల్లతల గద్దే! అది ఎక్కువగా చేపలు తింటుంది, నక్కల జోలికి పెద్దగా పోదు. పైగా తన చోటికి వేరే గద్ద వస్తే తరిమేస్తుంది. కాబట్టి నక్కలకు తెలియకుండానే అది కాపలా కాసేది.

మూడోది: డీడీటీ అనే పురుగుమందు సముద్రంలో కలిసింది. నీళ్ళలోంచి చేపల్లోకి, చేపల్లోంచి గద్దల్లోకి వెళ్ళింది. ఆ మందు వల్ల గద్దల గుడ్ల పెంకులు పల్చబడి, తల్లి పొదగడానికి కూర్చోగానే పగిలిపోయేవి. పిల్లలు పుట్టలేదు. 1960ల నాటికి ఆ దీవుల్లో బాల్డ్ ఈగిల్ లేకుండా పోయింది. అమెరికాలో డీడీటీ వాడకాన్ని 1972లో ఆపేశారు. కానీ దీవుల్లో అప్పటికే కాపలాదారు లేడు.

నాలుగోది: 1990ల్లో గోల్డెన్ ఈగిల్స్ ఒడ్డు నుంచి ఎగిరి వచ్చాయి. చూస్తే ఏముంది? తరిమేవాళ్ళు లేరు. తినడానికి పందిపిల్లలు బోలెడు. అవి అక్కడే గూళ్ళు కట్టేశాయి. పందిపిల్లలతో పాటు, పగలు ధైర్యంగా తిరిగే రెండు కిలోల నక్కలు కూడా వాటికి దొరికాయి.

పందులు నక్కల్ని తినలేదు. అయినా పందుల వల్లే గద్దలు అక్కడ నిలదొక్కుకున్నాయి, గద్దల వల్ల నక్కలు పోయాయి. ఈ సంగతి మీ తమ్ముడికో చెల్లికో మీ మాటల్లో చెప్పి చూడండి. చెప్పగలిగితే పాఠం సగం వచ్చేసినట్టే.

4. ఏం చేశారు?

ఒక్క పని చేస్తే సరిపోదు కాబట్టి చాలా పనులు కలిపి చేశారు. నేషనల్ పార్క్ వాళ్ళు, సాంటా క్రూజ్ దీవిలో ఎక్కువ భాగం సొంతంగా ఉన్న ది నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ, ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు, పశువుల డాక్టర్లు చేతులు కలిపారు.

నక్కల్ని కాపాడారు. 1999 నుంచి మిగిలిన నక్కల్ని పట్టుకుని, దీవి మీదే పెద్ద పెద్ద దొడ్లు కట్టి వాటిలో ఉంచారు. అక్కడ పిల్లలు పుట్టాక, బయట ప్రమాదం తగ్గినప్పుడు వదిలారు.

గోల్డెన్ ఈగిల్స్‌ని పట్టుకున్నారు. వాటిని చంపడం అమెరికా చట్టం ప్రకారం నేరం. అందుకని 40కి పైగా గద్దల్ని ప్రాణాలతో పట్టుకుని, కాలిఫోర్నియాలో దూరంగా ఈశాన్య మూలకు తీసుకెళ్ళి వదిలారు.

బాల్డ్ ఈగిల్స్‌ని తిరిగి తెచ్చారు. 2002 నుంచి 2006 వరకు 61 చిన్న గద్దల్ని సాంటా క్రూజ్ దీవిలో వదిలారు. 2006లో ఒక గూట్లో పిల్ల పుట్టింది. యాభై ఏళ్ళకు పైగా గడిచాక ఆ దీవుల్లో ఎవరి సాయం లేకుండా పుట్టిన మొదటి పిల్ల అదే!

పందుల్ని తీసేశారు. 2005, 2006ల్లో దీవిని కంచెలతో భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో ఉన్న పందుల్నన్నిటినీ వేటాడారు. మొత్తం 5,036 పందులు.

ఇంత చేశాక 2016లో ఈ మూడు దీవుల నక్కల్నీ "ప్రమాదంలో ఉన్న జాతులు" అనే ప్రభుత్వ జాబితాలోంచి తీసేశారు. అప్పటికి శాన్ మిగెల్‌లో సుమారు 700, సాంటా రోజాలో 1,200, సాంటా క్రూజ్‌లో 2,100 నక్కలు ఉన్నాయి. ఆ జాబితాలో చేరిన పాలిచ్చే జంతువుల్లో ఇంత త్వరగా కోలుకున్నది అప్పటివరకు ఇంకోటి లేదు.

5. ఇది న్యాయమేనా?

ఇక్కడ కొంచెం ఆగుదాం. మీలో కొందరికి పందుల గురించి చదివి బాధగా అనిపించి ఉంటుంది. అనిపించడం మంచిదే. అప్పట్లో చాలామంది పెద్దవాళ్ళకు కూడా అలాగే అనిపించింది. కొందరు వద్దని కోర్టుకు కూడా వెళ్ళారు.

వద్దన్నవాళ్ళు ఏమన్నారంటే: "పంది ఏం తప్పు చేసింది? దాన్ని తెచ్చింది మనుషులు. ఆకలేస్తే తింది, పిల్లల్ని కంది. గద్దల్నేమో జాగ్రత్తగా తీసుకెళ్ళి వదిలారు, పందుల్ని మాత్రం చంపుతారా?"

కావాలన్నవాళ్ళు ఏమన్నారంటే: "పందులు ప్రపంచమంతా ఉన్నాయి. ఈ నక్క ఈ దీవుల్లోనే ఉంది. ఇది పోతే మళ్ళీ రాదు. అడవి పందుల్ని ఒడ్డుకు తెస్తే రోగాలు పాకుతాయి. పందులు ఉన్నంతకాలం గోల్డెన్ ఈగిల్స్ వస్తూనే ఉంటాయి."

రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏది సరైనదో నేను చెప్పను, మీరు ఆలోచించి రాయండి. ఒక్క మాట మాత్రం చెప్తాను. నూట యాభై ఏళ్ళ కిందట ఆ పందుల్ని పడవ ఎక్కించకపోయి ఉంటే, ఇన్ని ప్రాణాలు తీయాల్సిన పని ఉండేది కాదు. తేవడానికి ఒక్క పడవ చాలు. తీసేయడానికి ఎంతమంది, ఎన్నేళ్ళు పనిచేయాల్సి వచ్చిందో చూశారుగా.

6. పక్క దీవిలో ఎలుకలు

సాంటా క్రూజ్ పక్కనే అనకాపా అనే చిన్న దీవి ఉంది. ఓడల్లో దాక్కుని నల్ల ఎలుకలు అక్కడికి చేరాయి. ఎవరూ కావాలని తేలేదు.

ఆ దీవి రాళ్ళ సందుల్లో స్క్రిప్స్ మర్లెట్ అనే చిన్న సముద్రపు పక్షి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు భలే గట్టివి. పుట్టిన రెండు రోజులకే గూడు వదిలి, అమ్మానాన్నల పిలుపు వింటూ సముద్రంలోకి దూకేస్తాయి! కానీ ఎలుకలు గుడ్లు తినేస్తుంటే పిల్లలు పుట్టేదెలా?

2001, 2002ల్లో హెలికాప్టర్‌తో మందు కలిపిన గింజలు చల్లి ఎలుకల్ని లేకుండా చేశారు. అయితే అక్కడ ఆ దీవికే చెందిన ఒక చిట్టెలుక కూడా ఉంది. అది మందు తింటే? అందుకని ముందే కొన్ని చిట్టెలుకల్ని పట్టుకుని జాగ్రత్తగా పెంచి, ప్రమాదం పోయాక మళ్ళీ వదిలారు. ఇప్పుడు ఆ దీవిలో నల్ల ఎలుకలు లేవు. మర్లెట్ గూళ్ళు పెరిగాయి, గుడ్లలోంచి పిల్లలు వస్తున్నాయి.

7. బయటి నుంచి వచ్చిందంతా చెడ్డదా?

ఈ పాఠం చదివితే మీకు ఒక అనుమానం రావచ్చు. "మా అమ్మానాన్న కూడా వేరే దేశం నుంచే వచ్చారు కదా! మరి?"

మంచి ప్రశ్న. జవాబు కూడా స్పష్టంగా చెప్పుకుందాం. ఆక్రమణ జాతి అనే మాట మొక్కలకు, జంతువులకు మాత్రమే వాడాలి. మనుషులందరిదీ ఒకటే జాతి. ఎవరైనా ఈ మాటను మనుషుల మీద వాడితే అది సైన్స్ కాదు, ఉత్త తిట్టు.

మొక్కల్లో, జంతువుల్లో కూడా బయటి నుంచి వచ్చిందంతా చెడ్డది కాదు. మన ఆవకాయలో వేసే మిరపకాయ ఎక్కడిదో తెలుసా? అమెరికా ఖండాలది! సుమారు ఐదు వందల ఏళ్ళ కిందట పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇండియాకు వచ్చింది. టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. తెలుగులో కొన్ని పేర్ల ముందు "సీమ" అని ఉంటుంది: సీమ చింతకాయ, సీమ వంకాయ. సీమ అంటే ఇక్కడ వేరే దేశం. ఇవన్నీ వచ్చి మన వంటింట్లో కలిసిపోయాయి.

కానీ గుర్రపు డెక్క కూడా అలాగే దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. చెరువు మీద పచ్చగా పరుచుకుని, కిందికి ఎండ పోకుండా చేస్తుంది. చేపలకు గాలి అందదు. సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల చెట్టే. మన ఊళ్ళలో బీడు భూములన్నీ ఆక్రమించి, వేరే మొక్కల్ని పెరగనివ్వదు.

అంతెందుకు, మన దీవి నక్క ముత్తాతలు కూడా ఒకప్పుడు ఒడ్డు నుంచి వచ్చినవే. దుంగల మీద తేలుతూ వచ్చాయో, పాతకాలం ప్రజల పడవల్లో వచ్చాయో! వేల ఏళ్ళలో దీవికి తగ్గట్టు మారాయి. కాబట్టి "ఎక్కడి నుంచి వచ్చింది?" అని మాత్రమే అడిగితే చాలదు. "వచ్చాక ఏం చేస్తోంది?" అని కూడా అడగాలి.

8. మన సంచిలో ఏముంది?

ఇప్పుడు చానల్ ఐలాండ్స్ పార్కు దీవులకు పెంపుడు జంతువుల్ని తీసుకెళ్ళనివ్వరు. పడవ ఎక్కేముందు చెప్పులు, బూట్లు, సంచులు దులుపుకోమంటారు. బూటు కింద మట్టిలో ఒక్క గింజ ఉన్నా చాలు కదా! కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే రోగం 1999లో సాంటా కాటలీనా దీవిలో నక్కలకు పాకింది. సుమారు 1,300 నక్కల్లో 100 మాత్రమే మిగిలాయి. అందుకే ఇప్పుడు కొన్ని నక్కలకు టీకాలు కూడా వేస్తున్నారు.

ఇక మన ఇంటి సంగతి. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వస్తున్నారంటే మనకు పండగే. వాళ్ళ సూట్‌కేసులో పొడులు, పచ్చళ్ళు, ఒక్కోసారి విత్తనాలు, పచ్చి కరివేపాకు కూడా ఉంటాయి. కానీ ఇండియా నుంచి పచ్చి కరివేపాకు తేనివ్వరు. ఎందుకో తెలుసా?

నువ్వు గింజంత పురుగు ఒకటి ఉంది. నిమ్మ, నారింజ చెట్లంటే దానికి ఇష్టం. కరివేపాకు చెట్టు కూడా ఇష్టమే. ఆ పురుగు సిట్రస్ గ్రీనింగ్ అనే రోగాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. రోగం వచ్చిన నారింజ చెట్టుకు కాయలు సరిగ్గా పండవు, చేదుగా ఉంటాయి, కొన్నేళ్ళకు చెట్టు చచ్చిపోతుంది. దానికి మందు లేదు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, రోగం 2005లో కనిపించాయి. అక్కడి నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, రోగం 2012లో కనిపించాయి. అందుకే ఇక్కడ కరివేపాకు మొక్కను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళడానికి కూడా రూల్స్ ఉన్నాయి.

అమ్మమ్మకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మీకు ఇప్పుడు తెలుసు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇలా చెప్పండి:

"అమ్మమ్మా, పచ్చి కరివేపాకు తేకండి. దాని మీద పురుగులుంటే ఇక్కడి నారింజ చెట్లు పాడైపోతాయట. విత్తనాలు, పండ్లు, మొక్కలు ఏమైనా ఉంటే ఎయిర్‌పోర్టులో ముందే చెప్పేయండి. చెప్తే ఏమీ అనరు, దాస్తేనే జరిమానా వేస్తారు."

ఇంకో మాట. మీ ఇంట్లో గోల్డ్ ఫిష్‌నో తాబేలునో పెంచడం కష్టమైతే, "పాపం, హాయిగా బతుకుతుంది" అని దగ్గర్లో ఉన్న చెరువులో వదలకండి. కొన్న షాపులో అడగండి, లేదా పెంచుకునేవాళ్ళకు ఇవ్వండి.

పలుకుబడి

"నక్క తోక తొక్కి వచ్చావా?" అని తెలుగులో అంటారు. ఎవరికైనా అనుకోకుండా అదృష్టం కలిసొస్తే అలా అడుగుతారన్నమాట. నిజంగా తొక్కకూడదు సుమా!

భాష నేర్చుకుందాం: కారణం చెప్పే మాటలు

వల్ల: డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పల్చబడ్డాయి.

కాబట్టి: చుట్టూ నీళ్ళు ఉన్నాయి కాబట్టి శత్రువులు రాలేదు.

అందుకని: గద్దల్ని చంపకూడదు. అందుకని వాటిని దూరంగా వదిలారు.

ఖాళీల్లో సరైన మాట రాయండి:

1. ఎలుకల ______ పక్షి గుడ్లు మిగలలేదు.
2. బాల్డ్ ఈగిల్స్ లేవు ______ గోల్డెన్ ఈగిల్స్ వచ్చి ఉండిపోయాయి.
3. చిట్టెలుకలు మందు తింటే చచ్చిపోతాయి. ______ వాటిని ముందే పట్టుకుని దాచారు.

ప్రశ్నలు

1. దీవి నక్క పగలు కూడా ఎందుకు తిరుగుతుంది? దానివల్ల ఏం నష్టం జరిగింది?
2. పందులు నక్కల్ని తినలేదు కదా, మరి పందుల్ని ఎందుకు తీసేశారు?
3. బాల్డ్ ఈగిల్ నక్కలకు ఎలా కాపలా కాసింది?
4. అనకాపా దీవిలో చిట్టెలుకల్ని ఎందుకు పట్టుకుని పెంచారు?
5. పందుల్ని చంపడం సరైనదేనా? మీరేమనుకుంటున్నారో ఐదు వాక్యాల్లో రాయండి. మీకు నచ్చని వైపు వాళ్ళ మాట కూడా ఒక వాక్యంలో రాయండి.

ఇంట్లో చేయండి

నాలుగు బొమ్మలు గీయండి: పంది, బాల్డ్ ఈగిల్, గోల్డెన్ ఈగిల్, నక్క. ఏది దేనికి మేలు చేసిందో, ఏది దేనికి కీడు చేసిందో బాణం గుర్తులు పెట్టి, ఒక్కో బాణం పక్కన ఒక తెలుగు వాక్యం రాయండి.

ఇండియాలో ఉన్న తాతయ్యకో నానమ్మకో ఫోన్ చేసి ఈ మూడు అడగండి: "మీ ఊరి చెరువులో గుర్రపు డెక్క ఉందా? సర్కారు తుమ్మ ఉందా? మీ చిన్నప్పుడు కనిపించి, ఇప్పుడు కనిపించని పిట్ట ఏది?" వాళ్ళు చెప్పింది తెలుగులో రాసుకుని వచ్చే క్లాసుకు తీసుకురండి. పిట్ట పేరు మాత్రం వాళ్ళు పలికినట్టే రాయండి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉంటుంది, అన్నీ బోర్డు మీద రాసుకుందాం.